గోదావరి నీటిమట్టం, ప్రవాహం కొలతలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ నుంచి అక్టోబరు దాకా గోదావరి వెంట ఉన్న ఊళ్లలో ఏటా అవే సందేహాలు తిరిగి వస్తుంటాయి. భద్రాచలంలో ఇన్ని అడుగులన్నారు, ధవళేశ్వరంలో ఇన్ని లక్షల క్యూసెక్కులన్నారు, మరి మా ఊరి సంగతి ఏమిటన్నదే వాటన్నిటి సారాంశం. ఆ సందేహాలను అడిగినవారి మాటల్లోనే ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## ముందుగా: అంకెల అర్థం

భద్రాచలంలో 43 అడుగులంటే అక్కడ నది 43 అడుగుల లోతుందని అర్థమా?

కాదు. నీటిమట్టం వేరు, లోతు వేరు. గేజి (నీటిమట్టం చదవడానికి గీతలు గీసిన స్తంభం) మీద సున్నా అనేది ఎప్పుడో ఒకసారి నిర్ణయించి స్థిరపరచిన ఎత్తు. అక్కడి నుంచి నీటి ఉపరితలం ఎంత పైకి ఉందో చెప్పేదే నీటిమట్టం. గోదావరి అడుగు ఇసుక. పెద్ద వరదలో ఆ ఇసుక కోసుకుపోతుంది, వరద తీశాక మళ్లీ మేట వేస్తుంది. కదిలే అడుగును ఆధారంగా పెట్టుకుంటే నిన్నటి కొలతను నేటి కొలతతో పోల్చడమే సాధ్యం కాదు. అందుకే కదలని ఎత్తును సున్నాగా పెట్టుకుంటారు. ఈ అంకెను చూసి రేవులో ఎంత లోతు ఉంటుందో లెక్కగట్టడం, ముఖ్యంగా స్నానానికి దిగేవారు అలా చేయడం, ప్రాణాల మీదికి తెస్తుంది.

కేంద్ర జల సంఘం 45.72 మీటర్లంటుంది, టీవీలో 43 అడుగులంటారు. ఏది నిజం?

రెండూ నిజమే, రెండూ ఒకే మట్టం: భద్రాచలంలో మొదటి హెచ్చరిక ఇచ్చే మట్టం. కేంద్ర జల సంఘం సముద్రమట్టం నుంచి మీటర్లలో చెబుతుంది. భద్రాచలం ఘాట్ దగ్గరి లెక్క స్థానిక గేజి మీది అడుగుల్లో నడుస్తుంది. 45.72 మీటర్లంటే 150 అడుగులు. అందులోంచి 107 తీసేస్తే 43 వస్తుంది. మూడో హెచ్చరికకూ ఇదే వర్తిస్తుంది: 48.77 మీటర్లంటే 160 అడుగులు, 107 తీసేస్తే 53. 1986 ఆగస్టు నాటి రికార్డు 55.66 మీటర్లు; అది 75.6 అడుగులకు సరిపోతుంది. అంటే భద్రాచలం గేజి సున్నా సముద్రమట్టానికి సుమారు 107 అడుగుల ఎత్తులో ఉందన్నమాట. ఈ 107 ఒక్కటి గుర్తుంటే ఎవరు ఏ లెక్కలో చెప్పినా తడబడే పని ఉండదు.

భద్రాచలంలో 43 అడుగులకు గానీ హెచ్చరిక ఇవ్వరు, ధవళేశ్వరంలో 11.75 అడుగులకే ఎందుకు ఇస్తారు?

రెండు చోట్లా సున్నాలు వేర్వేరు ఎత్తుల్లో ఉన్నాయి కనుక. ధవళేశ్వరంలో 11.75 అడుగులంటే సముద్రమట్టానికి 14.25 మీటర్లు, అంటే దాదాపు 46.75 అడుగులు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక సముద్రమట్టానికి 150 అడుగుల దగ్గర వస్తుంది. ఈ రెండు మట్టాలను పక్కపక్కన పెట్టి చూస్తే భద్రాచలం నుంచి ధవళేశ్వరం చేరేసరికి నీటి ఉపరితలం వంద అడుగులకు పైగా దిగుతుందని తెలుస్తుంది. కాబట్టి ఒక ఊరి గేజి అంకెను మరో ఊరి గేజి అంకెతో నేరుగా పోల్చి ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ అనుకోవడంలో అర్థం లేదు. ఏ గేజి అంకెనైనా ఆ గేజి హెచ్చరిక స్థాయిలతోనే పోల్చాలి.

క్యూసెక్కుకూ టీఎంసీకీ తేడా ఏమిటి?

క్యూసెక్కు నీరు పారే వేగాన్ని బట్టి వచ్చే లెక్క, టీఎంసీ నీటి మొత్తం. ఒక సెకనులో ఒక ఘనపుటడుగు నీరు, అంటే సుమారు 28.3 లీటర్లు దాటిపోతే అది ఒక క్యూసెక్కు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలవుతాయి. పది లక్షల క్యూసెక్కుల వరద ఒక్క రోజు నిలిస్తే 86 టీఎంసీలకు పైగా సముద్రంలో కలిసినట్టు. కేంద్ర సంస్థల నివేదికల్లో కనిపించే క్యూమెక్కు సుమారు 35.3 క్యూసెక్కులకు సమానం.

## కొలత ఎలా జరుగుతుంది

ఈ కొలతలు ఎవరు తీస్తారు, ఎక్కడెక్కడ?

దిగువ గోదావరికి వచ్చే వరదను ముందే పసిగట్టడానికి కేంద్ర జల సంఘం ప్రధాన నది మీదా ఉపనదుల మీదా కేంద్రాలు నడుపుతోంది. ప్రాణహిత మీద టేక్రా, ఇంద్రావతి మీద పాతగూడెం, శబరి మీద కుంట, గోదావరి మీద పేరూరు, భద్రాచలం, కూనవరం, పోలవరం పేర్లు వరద రోజుల్లో తరచుగా వినబడతాయి. ఇవి కాక రెండు రాష్ట్రాల జలవనరుల, నీటిపారుదల శాఖలు తమ ప్రాజెక్టుల వద్ద సొంతంగా లెక్కలు తీస్తాయి. ధవళేశ్వరం బ్యారేజీ లెక్క ఆంధ్రప్రదేశ్ శాఖది. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. అందువల్ల ఎటపాకవారికి అతి దగ్గరి గేజి పక్క రాష్ట్రంలో ఉంది. వారు జిల్లా ప్రకటనల కోసం ఎదురుచూస్తూనే భద్రాచలం మట్టాన్నీ చూసుకోవడం మేలు.

నీరు అలలు కొడుతుంటే గేజి ఎలా చదువుతారు?

గేజి అంటే అంకెలూ గీతలూ ఉన్న పలకలు బిగించిన స్తంభం. నది ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి ఒకే పొడుగాటి స్తంభం కాకుండా గట్టు మీది నుంచి నీటి దాకా మెట్లు మెట్లుగా చాలా స్తంభాలు నాటుతారు. కింది స్తంభం మునగకముందే పై స్తంభానికి నీరు తాకేలా వాటి ఎత్తులు కలుస్తాయి. అలలు ఉన్నప్పుడు చదివే మనిషి కొంతసేపు నిలబడి, అల ఎక్కినప్పటి గీతనూ దిగినప్పటి గీతనూ చూసి మధ్య అంకె రాసుకుంటాడు. కన్ను నీటిమట్టానికి వీలైనంత దగ్గరగా ఉండాలి. గట్టు మీద నిలబడి పైనుంచి చూస్తే గీత తప్పుతుంది. ప్రవాహం బలంగా ఉంటే స్తంభానికి ఎగువ వైపు నీరు ఎగదన్ని ఉబ్బుతుంది, దిగువ వైపు గుంట పడుతుంది. అనుభవం లేనివారు ఎక్కువగా మోసపోయేది ఈ ఉబ్బు దగ్గరే.

రాడార్ సెన్సర్లు వచ్చాయి కదా, ఇంకా మనిషి ఎందుకు?

వంతెనకు బిగించిన రాడార్ కిందికి తరంగాన్ని పంపి, అది నీటిని తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మట్టం లెక్కిస్తుంది. ఆ అంకె ఉపగ్రహం ద్వారానో మొబైల్ నెట్‌వర్క్ ద్వారానో కార్యాలయానికి చేరుతుంది. నీటిని తాకదు కాబట్టి కొట్టుకొచ్చే దుంగలు దాన్ని పాడుచేయలేవు, అర్ధరాత్రి కూడా పనిచేస్తుంది. అయితే వంతెన స్తంభానికి చెట్టు అడ్డం పడి నీరు ఎగదన్నినా, సరిగ్గా సెన్సర్ కింద నాచు గుంపు ఆగినా అది తప్పు మట్టాన్నే నిశ్చింతగా పంపుతూ ఉంటుంది. బ్యాటరీ పోయినా, సిగ్నల్ పోయినా సరిగ్గా అవసరమైన రాత్రే మూగబోతుంది. అందుకే స్తంభం మీది అంకెతో సెన్సర్ అంకెను తరచూ సరిచూడాలి. రెండింటిలో ఒకటే ఉంచుకోవాలంటే మా ఓటు స్తంభానికే.

మట్టం సరే, ఇంత పెద్ద నదిలో ప్రవాహాన్ని ఎలా కొలుస్తారు?

సూత్రం తేలిక: నీరు పారే అడ్డుకోత వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే ప్రవాహం వస్తుంది. కష్టమంతా ఆ రెండింటినీ రాబట్టడంలోనే ఉంది. నది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకే లోతులో ఉండదు, ఒకే వేగంతో పారదు. ఒడ్డున మందంగా, నడి ఏట వడిగా ఉంటుంది. పైన ఎక్కువ, అడుగున తక్కువ. కాబట్టి వెడల్పును చాలా భాగాలుగా చేసి, ఒక్కో భాగంలో లోతు చూసి, వేగం కొలిచి, విడివిడిగా లెక్కగట్టి కలుపుతారు. ఏ ఒక్క భాగమూ మొత్తం ప్రవాహంలో పదో వంతు మించి మోయకుండా భాగాలు చేయడం మంచి పద్ధతి.

వేగానికి కరెంట్ మీటర్ వాడతారు. గిన్నెలున్న చిన్న చక్రాన్ని బరువు కట్టి పడవ మీద నుంచో వంతెన మీద నుంచో నీటిలోకి దించి, నిర్ణీత సమయంలో అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కిస్తారు. నీటి ఉపరితలం నుంచి లోతులో 0.6 వంతు దగ్గరి వేగం ఆ నిలువు మొత్తానికి సగటుగా పనికొస్తుంది. లోతు ఎక్కువైతే 0.2, 0.8 వంతుల దగ్గర రెండుసార్లు కొలిచి సగటు తీస్తారు. ఇప్పుడు శబ్ద తరంగాలతో పనిచేసే ఏడీసీపీ పరికరాన్ని పడవకు కట్టి నదిని అడ్డంగా దాటితే లోతూ వేగమూ ఒకేసారి నమోదవుతాయి. భారీ వరదలో పడవ దించడమే ప్రమాదమైనప్పుడు నీటి మీద తేలే వస్తువు నిర్ణీత దూరం పోవడానికి పట్టిన సమయం చూసి, ఉపరితల వేగాన్ని సుమారు 0.85తో గుణించి సగటు వేగం అంచనా కడతారు. ఇది మోటు పద్ధతే, కానీ ఆ పూట అంతకంటే గత్యంతరం ఉండదు.

మరి గంటగంటకూ ఇన్ని లక్షల క్యూసెక్కులని ఎలా చెబుతున్నారు?

గంటగంటకూ పడవ వేయరు. వివిధ మట్టాల దగ్గర ముందే కొలిచిన ప్రవాహాలను గీత గీసి పెట్టుకుంటారు. దీన్నే రేటింగ్ కర్వ్ అంటారు. ఆ తరువాత మట్టం చదివి, గీతలో ఎదురుగా ఉన్న ప్రవాహాన్ని చెబుతారు. అంటే పత్రికల్లో వచ్చే క్యూసెక్కుల అంకె చాలా సందర్భాల్లో కొలిచినది కాదు, మట్టం నుంచి లెక్కగట్టినది. ఇసుక కోసుకుపోయినా మేట వేసినా ఆ గీత పాతబడుతుంది కాబట్టి ఏటా కొత్త కొలతలతో సవరించాలి. అతి పెద్ద వరదల్లో కొలతలు అరుదు. అక్కడ గీతను అంచనాతో పొడిగిస్తారు. 1986లో భద్రాచలం వద్ద 27 లక్షల క్యూసెక్కులు, 2022లో 24 లక్షలకు పైగా అన్న అంకెలను ఈ దృష్టితోనే చదవాలి. అడుగుల రికార్డు మాత్రం కంటితో చూసి రాసినది. రెంటిలో తేడా వస్తే అడుగులనే నమ్మడం సబబు.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర కూడా ఇలాగే లెక్కిస్తారా?

అక్కడ కట్టడమే కొలతపాత్ర. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం విభాగాల్లో కలిపి 175 గేట్లున్నాయి. ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు ఎన్ని గేట్లు ఎంత మేర ఎత్తారన్నది, ఎగువ దిగువ మట్టాల తేడా కలిపి నీటిని లెక్కిస్తారు. పెద్ద వరదలో గేట్లన్నీ నీటికి పైకి ఎత్తేస్తారు కాబట్టి ఇక మట్టాన్ని బట్టే లెక్క నడుస్తుంది. కాలువలకు వదిలిన నీరు, సముద్రానికి వదిలిన నీరు వేర్వేరుగా చూపిస్తారు; బ్యారేజీకి ఎంత నీరు వచ్చిందో తెలియాలంటే రెండూ కలపాలి.

## నీరు పెరుగుతున్నప్పుడు

మా దగ్గర చినుకు లేదు, గోదావరి ఎందుకు పెరుగుతోంది?

భద్రాచలం వరద చాలావరకు అక్కడి వానది కాదు. వార్ధా, వైన్‌గంగ నీటిని మోసుకొచ్చే ప్రాణహిత ఒక్కటే గోదావరి పరీవాహకంలో మూడో వంతుకు పైగా ఆక్రమిస్తుంది. అది కాళేశ్వరం దగ్గర కలుస్తుంది. ఆ దిగువన బస్తర్ అడవుల నీటితో ఇంద్రావతి కలుస్తుంది. విదర్భలోనో బస్తర్‌లోనో కుండపోత పడితే, ఎండ కాస్తున్న భద్రాచలంలో ఘాట్ మెట్లు మునగడంలో వింతేమీ లేదు. ఆకాశం చూసి కాకుండా టేక్రా, పాతగూడెం, పేరూరు మట్టాలు చూసి ముందుజాగ్రత్త పడాలి.

భద్రాచలంలో తగ్గుతోందన్నారు, కోనసీమ లంకల్లో ఎందుకు ఇంకా పెరుగుతోంది?

వరద శిఖరం కదులుతూ వస్తుంది. భద్రాచలంలో గరిష్ఠాన్ని తాకిన నీరు ధవళేశ్వరం చేరడానికి ఒక రోజుకు కాస్త అటూఇటూ పడుతుంది. అక్కడి నుంచి గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లోకి చేరి లంకలకు ఎక్కడానికి మరికొంత సమయం కావాలి. దీనికి తోడు భద్రాచలం గేజి చూడని నీరు కూడా దిగువన కలుస్తుంది: కిన్నెరసాని, శబరి రెండూ ఆ గేజి దాటాకే గోదావరిలో పడతాయి. లంకల చివర సముద్రపు పోటు ఉన్న గంటల్లో నీరు దిగడం ఇంకా ఆలస్యమవుతుంది. ‘భద్రాచలం వద్ద శాంతించిన గోదావరి’ అన్న వార్త చూసి లంకలో పశువులను వెనక్కి తోలుకురావడం తొందరపాటు. లంకలవారు చూడవలసింది ధవళేశ్వరం మట్టం, అది దిగడం మొదలైన సమయం.

మొదటి, రెండో, మూడో హెచ్చరికలు ఎప్పుడు ఇస్తారు?

భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు. ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులకు, ప్రవాహంలో చెప్పుకుంటే ఇవి సుమారు 10, 13, 17 లక్షల క్యూసెక్కుల స్థాయిలు. హెచ్చరిక అందరి ఇంటికీ ఒకే దూరంలో ఉండదు. పల్లపు వీధికి మొదటి హెచ్చరికకు ముందే నీరు రావచ్చు, మెరక మీది ఇంటికి మూడోది దాటినా రాకపోవచ్చు. కానీ మెరక మీది ఊరికి వెళ్లే రోడ్డు మాత్రం ఏదో ఒక వాగు దగ్గర ముందే తెగుతుంది. ఇల్లు మునిగే మట్టం కంటే దారి తెగే మట్టమే ముందుగా తెలుసుకోవాలి.

నిన్న 48 అడుగులు, ఈరోజూ 48 అడుగులు. పరిస్థితి మారలేదనేనా?

మధ్యలో ఏం జరిగిందో తెలియకుండా అలా అనలేము. పెరుగుతూ 48కి చేరడం వేరు, 52 దాకా పోయి దిగుతూ 48కి రావడం వేరు. పైగా ఒకే మట్టం దగ్గర పెరుగుతున్న వరదలో ప్రవాహం ఎక్కువ, తగ్గుతున్న వరదలో తక్కువ ఉంటుంది. దిగువన ఏరు ఇంకా నిండని దశలో నీటి వాలు ఎక్కువగా ఉండడమే ఇందుకు కారణం. అందువల్ల ప్రతి అంకెతో పాటు గంటకు ఎన్ని అంగుళాల చొప్పున పెరుగుతోందో, తగ్గుతోందో అడిగి తెలుసుకోవాలి. పెరిగే వేగం మందగించడం శిఖరం దగ్గరపడిందన్న మొదటి సూచన. అయితే ఎగువన మరో ఉపనది పొంగు బయలుదేరి ఉంటే ఈ సూచన చెల్లదు.

శబరిలో వరద లేదన్నారు, అయినా చింతూరు వైపు నీరెందుకు ఎక్కింది?

అది శబరి వరద కాదు, గోదావరి ఎగపోటు. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. అక్కడ గోదావరి మట్టం బాగా పెరిగితే శబరి నీటికి దిగే దారి ఉండదు. అది తన ఏట్లోనే నిలిచి వెనక్కి ఎక్కుతుంది. ఇలాంటి చోట్ల మట్టం ఎక్కువగా ఉన్నా ప్రవాహం స్వల్పంగా ఉంటుంది, కాబట్టి మట్టం నుంచి ప్రవాహం చెప్పే గీత అక్కడ పనిచేయదు. శబరి కూడా పొంగిన రోజు ఈ రెండూ తోడై పరిస్థితి విషమిస్తుంది. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలవారు కుంట మట్టాన్నీ భద్రాచలం మట్టాన్నీ కలిపి చూసుకోవాలి.

ఒకే ఊరికి రెండు అంకెలు తిరుగుతున్నాయి. ఏది నమ్మాలి?

ముందు సమయం చూడండి. ఉదయం 6 గంటల అంకెను మధ్యాహ్నం పంచుకునేవారి వల్లే సగం గందరగోళం. తరువాత అది అడుగులా మీటర్లా, ప్రస్తుత మట్టమా రేపటి అంచనానా అన్నది చూడండి. సమయం లేని అంకెను పంపకండి, నమ్మకండి. కేంద్ర జల సంఘం 2023లో విడుదల చేసిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్‌లో కేంద్రాల వారీగా మట్టాలు, అంచనాలు కనిపిస్తాయి. అందులో హెచ్చరిక స్థాయి దాటితే సాధారణం కంటే ఎక్కువ వరద, ప్రమాద స్థాయి దాటితే తీవ్ర వరద, పాత గరిష్ఠ రికార్డు దాటితే అతి తీవ్ర వరద అని వర్గీకరిస్తారు.

## వరద తీశాక, వేసవిలో

2022 వరద పెద్దదా, 1986 వరద పెద్దదా?

భద్రాచలం గేజి ప్రకారం 1986దే: అప్పుడు 75.6 అడుగులు, 2022 జులైలో 71.3. 1990లో 70.8 అడుగులు వచ్చింది. అయితే 2022 వరద జులై మధ్యలోనే రావడం, వరద సాధారణంగా ఆగస్టులో వస్తుందనుకునే ఊళ్లను దెబ్బతీసింది.

వేసవిలో నది ఎండిపోయినట్టుంటుంది. అప్పుడు కూడా కొలవాలా?

తప్పక కొలవాలి, డెల్టా దాళ్వా (రబీ వరి) సాగుకు ఎంత నీరు ఇవ్వగలమన్నది ఆ కొలతల మీదే ఆధారపడుతుంది. నిజానికి ఇది వరద కొలత కంటే చిక్కైనది. నీరు ఇసుక తిన్నెల మధ్య నాలుగు పాయలై పారుతుంది, గేజి ఉన్న ఒడ్డుకు నీరే తాకకపోవచ్చు. మట్టంలో రెండు అంగుళాల తప్పు వరదలో లెక్కలోకి రాదు. వేసవిలో అదే తప్పు ప్రవాహాన్ని గణనీయంగా మార్చేస్తుంది. అందుకే అప్పుడు రేటింగ్ కర్వ్ గీతను నమ్ముకోకుండా నీటిలో దిగి నేరుగా కొలవడమే సరైన పద్ధతి.

## ఊళ్లో సొంత గేజి

మా రేవులో మేమే గేజి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. పాపికొండల మధ్య ఇరుకులో ఉన్న ఊరికీ, రాజమహేంద్రవరం దగ్గరి వెడల్పు నదికీ ఒకే ప్రవాహం ఒకే ఎత్తు ఇవ్వదు. మీ రేవు సంగతి మీ రేవు గుర్తే చెబుతుంది. వంతెన స్తంభం, రేవు గోడ, గుడి మెట్టు వంటి కదలని కట్టడాన్ని ఎంచుకోండి. కరెంటు స్తంభాలూ చెట్లూ పనికిరావు. ఎగువన నీరు సుడి తిరిగే చోట కాకుండా నిలకడగా పారే చోట, అడుగులూ అంగుళాలూ గీతలుగా చెరగని రంగుతో రాయండి. దూరంగా, ఎప్పుడూ మునగని మరో రాతి మీద ఒక గుర్తు పెట్టి, గేజి సున్నాకూ దానికీ ఉన్న ఎత్తు తేడా రాసి ఉంచండి. వరదలో గేజి కొట్టుకుపోయినా ఆ గుర్తును బట్టి మళ్లీ అదే ఎత్తులో నిలపవచ్చు. పంచాయతీకీ నీటిపారుదల సిబ్బందికీ ముందుగా చెప్పడం మంచిది.

పుస్తకంలో ఏమేం రాయాలి?

తేదీ, గంట, మట్టం, పెరుగుతోందా తగ్గుతోందా, చదివినవారి పేరు. పక్కన ఒక గడిలో అదే గంటకు భద్రాచలం లేదా ధవళేశ్వరం మట్టం రాయండి. రెండు మూడు వరదలు నమోదయ్యేసరికి అక్కడ ఎన్ని అడుగులైతే మీ రేవులో ఏ మెట్టు మునుగుతుందో, ఎన్ని గంటల తరువాత మునుగుతుందో పట్టిక తయారవుతుంది. చూడని గంటను ఖాళీగా వదలండి. మధ్య అంకె ఊహించి నింపవద్దు. వరద తీసిన వెంటనే, బురద గీత ఆరకముందే, గోడల మీద అది ఎంత ఎత్తుకు వచ్చిందో మేకుతోనో రంగుతోనో గుర్తు పెట్టి సంవత్సరం రాయండి.

రాత్రిపూట గేజి చదవడానికి నీటి దగ్గరికి వెళ్లాలా?

ఒంటరిగా వెళ్లకూడదు. పెద్ద అంకెలు రాసి ఉంటే గట్టు మీది నుంచే టార్చిలైటు వేసి చదవవచ్చు, ఆ గంటకు అంగుళం తప్పినా నష్టం లేదు. ఏటిగట్టు మీద ఊట కనిపించినా, గట్టు జారుతున్నా కొలత ఆపేసి వెంటనే గ్రామ సిబ్బందికీ 112కూ సమాచారం ఇవ్వాలి.